చూసే కళ్ళకు పర్మిట్, కోసే చేతులకు జరిమానా

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 28వ సెక్షన్, అభయారణ్యాల్లోకి ఎవరెవరిని అనుమతించవచ్చో చెబుతుంది. వన్యప్రాణుల్ని పరిశీలించే వాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, శాస్త్ర పరిశోధన చేసేవాళ్ళు, పర్యాటకులు, లోపల నివసించే వాళ్ళతో చట్టబద్ధమైన పని ఉన్నవాళ్ళు. 35వ సెక్షన్ ద్వారా ఇదే ఏర్పాటు జాతీయ పార్కులకీ వర్తిస్తుంది. ఆ జాబితా ఎన్నిసార్లు చదివినా అందులో గడ్డి కోసుకునే మనిషి కనపడదు. పుల్లలేరుకునే మనిషి కనపడదు. అదే 35వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. జాతీయ పార్కులో పశువుల్ని మేపకూడదు, అసలు లోపలికే రానివ్వకూడదు. ఒకే ఒక్క మినహాయింపు: అనుమతి పొందిన మనిషి వాహనంగా వాడుకునే పశువు. అంటే యాత్రికుణ్ణి మోసే గుర్రం లోపలికి రావచ్చు. ఇంటిల్లిపాదికీ పాలిచ్చే ఆవు రాకూడదు.

చట్టం భాషకి లింగభేదం ఉండదంటారు. కానీ కొండ ప్రాంతాల్లో గడ్డి ఎవరు కోస్తారు? కట్టెలు ఎవరు మోస్తారు? పశువుల పేడ ఎవరు ఎత్తుతారు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు ఒకటే అయినప్పుడు, గడ్డినీ కట్టెనీ నిషేధించే చట్టం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అడవిని చూసి ఆనందించడానికి వచ్చే మనిషికి తలుపు తీసి, అడవితో బతికే మనిషికి తలుపు మూసిన ఈ విధానాన్ని స్త్రీల హక్కుల సమస్యగా మనం ఇంతవరకూ తగినంతగా చర్చించలేదు. నందాదేవి జాతీయ పార్కు కథ ఆ చర్చకి మంచి ఆధారం.

దేవత పేరు, ఆడపడుచులకి తాళం

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉంది నందాదేవి శిఖరం. ఎత్తు 7,816 మీటర్లు. పూర్తిగా భారతదేశంలోనే ఉన్న శిఖరాల్లో ఇదే ఎత్తైనది. చుట్టూ కోటగోడలాంటి పర్వతాలు, మధ్యలో రుషిగంగ చీల్చుకుని వచ్చిన ఇరుకు లోయ, దాని పైన పచ్చిక మైదానాలు, కింద ఫర్, భూర్జ వృక్షాల అడవి. మంచు చిరుత, కస్తూరి జింక, భరల్, హిమాలయ నల్ల ఎలుగు, మోనాల్ పక్షి ఉండే చోటు. 1982లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. అదే ఏడాది పక్కనున్న పూల లోయ కూడా జాతీయ పార్కు అయింది. నందాదేవి 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2005లో పూల లోయని దానికి జోడించారు. ఏటా జులై, ఆగస్టు నెలల్లో హైదరాబాదు నుంచీ విశాఖపట్నం నుంచీ కూడా యువతీ యువకులు బృందాలుగా పూల లోయకి నడిచి వెళ్తున్నారు. స్త్రీలు ఒంటరిగానూ, స్త్రీల బృందాలుగానూ వెళ్తున్నారు. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఇంటి గడప దాటి, ఎవరి అనుమతీ అడక్కుండా కొండెక్కే అమ్మాయిని చూసి సంతోషించని స్త్రీవాదం ఎందుకు? ప్రశ్న అది కాదు. ఆ అమ్మాయి నడిచే దారిలోనే గడ్డిమోపుతో దిగే మరో అమ్మాయి ఎందుకు నేరస్తురాలైంది అన్నది ప్రశ్న.

గఢ్వాల్ ప్రజలకి నంద అంటే కేవలం దేవత కాదు. పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్ళే ఆడపడుచు. ఆమెని సాగనంపుతూ ఏడుస్తారు, పాడతారు, కానుకలు పెడతారు. ఆ ఆడపడుచు పేరే పార్కుకి పెట్టారు. ఆ కొండ కింది ఊళ్ళ ఆడపడుచుల్ని మాత్రం లోపలికి రానివ్వకుండా గొలుసు కట్టారు.

రేణీ స్త్రీలు ఏమడిగారు?

1974 మార్చి 26న రేణీ గ్రామంలో జరిగింది మనందరికీ తెలుసు. మన సభల్లో, శిక్షణా తరగతుల్లో చెప్పుకుంటూనే ఉన్నాం. మగవాళ్ళని నష్టపరిహారం పేరుతో చమోలీకి రప్పించి, కాంట్రాక్టరు మనుషులు చెట్లు నరకడానికి వచ్చారు. అప్పుడు మహిళా మంగళ్ దళ్ అధ్యక్షురాలు గౌరాదేవి నాయకత్వంలో 27 మంది స్త్రీలు వాళ్ళకి అడ్డం నిలబడ్డారు. ఆ తర్వాత ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ పరీవాహక ప్రాంతంలో పదేళ్ళ పాటు చెట్ల నరికివేత ఆగింది.

మనం చెప్పుకునే కథ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమైందో చూడండి. పదేళ్ళు తిరక్కుండానే, రేణీ స్త్రీలు కాపాడిన అడవికి పైనున్న ప్రాంతమంతా జాతీయ పార్కయింది. కాంట్రాక్టరు గొడ్డలిని ఆపినవాళ్ళ చేతిలోని కొడవలి కూడా నిషిద్ధ వస్తువైంది. రేణీ స్త్రీలు అడిగింది అడవిని మనుషులు లేని మ్యూజియంగా మార్చమని కాదు. అడవి మా పుట్టిల్లు, దాన్ని నరకొద్దు అన్నారు. మా బతుకు దానిమీద ఉంది, మాకు దక్కనివ్వండి అన్నారు. ప్రభుత్వం మొదటి సగం విని, రెండో సగం వినలేదు. చిప్కోని పాఠ్యపుస్తకాల్లో పెట్టింది, చిప్కో స్త్రీల హక్కుని రద్దు చేసింది. గౌరాదేవి 1991లో చనిపోయారు. అప్పటికి పార్కు తాళం పడి తొమ్మిదేళ్ళు.

చెత్త ఎవరిది, శిక్ష ఎవరికి?

పార్కుని ఎందుకు మూశారు? 1974లో ఆ ప్రాంతాన్ని పర్వతారోహకులకి తెరిచారు. దేశ విదేశాల బృందాలు వందలమంది కూలీలతో లోపలికి వెళ్ళాయి. వంటకి, వెచ్చదనానికి చెట్లనీ పొదలనీ తగలబెట్టారు. డబ్బాలు, గుడారాలు, తాళ్ళు అక్కడే వదిలేశారు. కస్తూరి జింకల వేట సాగింది. 1993లో సైన్యానికి చెందిన ఇంజనీర్ల బృందం లోపలికి వెళ్ళినప్పుడు మోసుకొచ్చిన చెత్త వెయ్యి కిలోల దాకా ఉంది. మూసేసి పదేళ్ళు దాటాక కూడా!

ఇంకో వస్తువు కూడా అక్కడే ఉంది. చైనా అణు పరీక్షల మీద నిఘా కోసం 1965లో అమెరికా గూఢచారి సంస్థ, భారత గూఢచారి సంస్థ కలిసి ప్లుటోనియంతో నడిచే పరికరాన్ని ఆ కొండ మీదికి పంపాయి. తుఫాను వచ్చి మధ్యలోనే వదిలేశారు. మరుసటి ఏడాది వెళ్ళి చూస్తే లేదు. ఇప్పటికీ దొరకలేదు. 1978లో ఈ సంగతి పత్రికల్లోకెక్కాక, ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. గంగ పుట్టే చోట ప్లుటోనియం పారేసుకున్న రాజ్యం, పర్యావరణానికి హాని అని చెప్పి గొర్రెల కాపర్లని తరిమింది. ఇంతకంటే వ్యంగ్యం ఎవరు రాయగలరు?

మూసివేత వల్ల అడవి కోలుకున్న మాట, జంతువులు పెరిగిన మాట కాదనడం లేదు. కానీ చెత్త వేసిన వాళ్ళు ఇంకో శిఖరం చూసుకున్నారు. వాళ్ళకి హిమాలయాలన్నీ ఉన్నాయి, ఆల్ప్స్ ఉన్నాయి. లాతా, రేణీ, తోల్మా ఊళ్ళవాళ్ళకి ఇంకో కొండ లేదు.

మేత పోతే ఏం పోతుంది?

నీతీ లోయలో ఉండే భోటియా ప్రజలు 1962 దాకా టిబెట్‌తో వ్యాపారం చేసేవాళ్ళు. యుద్ధంతో సరిహద్దు మూతపడింది. వ్యాపారం పోయింది. మిగిలినవి కొద్దిపాటి పొలం, గొర్రెల మందలు, పైనున్న పచ్చిక మైదానాలు, మూలికలు. 1982తో పచ్చికలూ మూలికలూ పోయాయి. ఇరవై ఏళ్ళలో ఒకే సమాజం మీద రాజ్యం వేసిన రెండో దెబ్బ ఇది.

సర్వేల్లో ఈ నష్టాన్ని 'కుటుంబ ఆదాయం' అనే ఒక్క గడిలో రాస్తారు. కుటుంబం అనే గడిని తెరిచి చూడాలి. మంద తగ్గితే ఉన్ని తగ్గుతుంది. ఉన్ని వడికేది, తివాచీలూ కంబళ్ళూ నేసేది స్త్రీలు. ఆ నేత వాళ్ళ చేతిలో ఉన్న ఒకే ఒక్క సొంత సంపాదన, తల్లి నుంచి కూతురికి వచ్చిన పనితనం. పచ్చిక దగ్గర్లో నిషిద్ధమైతే గడ్డి కోసం ఇంకా నిటారు కొండ ఎక్కాలి. గడ్డి కోస్తూ జారిపడి, ఓక్ కొమ్మలు కొడుతూ చెట్టు మీంచి పడి చనిపోవడం ఆ కొండల్లో అరుదైన సంగతి కాదు. అడవిపందులూ ఎలుగులూ చేలమీద పడితే రాత్రి కావలి ఎవరిది? ఊళ్ళో మగవాళ్ళు సగంమంది పట్నాల్లోనో సైన్యంలోనో ఉంటారు. పరిహారం కోసం దరఖాస్తు పెట్టాలంటే భూమి కాగితం అడుగుతారు. అది ఆమె పేరున ఉండదు. అంటే పని ఆమెది, ప్రమాదం ఆమెది, నష్టం ఆమెది, నష్టపరిహారం ఆయనది. పార్కు వల్ల వచ్చిన కాసిని ఉద్యోగాలు కూడా కాపలాదారు, గైడు, కూలీ. మొదటి దరఖాస్తుదారు మగవాడే.

ఇంత చేసీ మేత నిషేధం అన్ని చోట్లా అడవికి మేలు చేసిందా అంటే అదీ తేలలేదు. పూల లోయలో మేత ఆపాక పాలీగోనమ్ అనే పొడుగాటి కలుపు మొక్క విపరీతంగా వ్యాపించి మిగతా పూలమొక్కల్ని కప్పేసింది. అటవీశాఖ దాన్ని ఏటా మనుషుల్ని పెట్టి పీకిస్తోంది. మేత నిషేధమే కారణమని కొందరు శాస్త్రజ్ఞులు, కాదని మరికొందరు వాదిస్తున్నారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో కూడా 1982లోనే మేత ఆపారు. నిరసన తెలిపిన గ్రామస్తుల మీద కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనంలో, గేదెలు లేక గడ్డి పెరిగిపోయి నీటి పక్షులకే ఇబ్బంది అయిందని తేలింది. గేదె ఏం తింటుందో, ఏం తింటే ఏం మొలుస్తుందో తెలిసిన మనుషుల్ని ఎవరూ అడగలేదు. ఆ తెలివి డిగ్రీ లేని ఆడవాళ్ళది కాబట్టి శాస్త్రం కాలేదు.

ఆవు రాకూడదు, ఆనకట్ట రావచ్చు

నిషేధం అందరికీ సమానమై ఉంటే ఈ వాదనకి కొంత బలం తగ్గేది. కానీ నందాదేవి జీవావరణ రక్షిత ప్రాంతపు అంచుల్లో, సరిగ్గా రేణీ ఊరి దగ్గర, రుషిగంగ మీద జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి అనుమతి దొరికింది. బాంబులు పెట్టి కొండ పేలుస్తున్నారని 2019లో రేణీ గ్రామస్తులు హైకోర్టుకి వెళ్ళారు. 2021 ఫిబ్రవరి 7న రోంటీ శిఖరం దగ్గర రాతి, మంచు పెళ్ళ విరిగిపడి, వరద ముంచెత్తింది. రుషిగంగ ప్రాజెక్టు తుడిచిపెట్టుకుపోయింది. కింద తపోవన్ ప్రాజెక్టు సొరంగంలో కార్మికులు చిక్కుకుపోయారు. మొత్తం రెండొందలమందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ఆ జూన్‌లో కొండ ఇంకా జారుతుంటే, రేణీలో నిలబెట్టిన గౌరాదేవి విగ్రహాన్ని పెకలించి జోషీమఠ్ తరలించారు. అడవిని కాపాడిన మనిషి విగ్రహానికి కూడా ఆ నేల మీద భద్రత లేకపోయింది. జులైలో, ప్రాజెక్టుల అనుమతులు రద్దు చేయమని కోర్టుకెళ్ళిన అయిదుగురికి, వాళ్ళలో రేణీ వాళ్ళు కూడా ఉన్నారు, హైకోర్టు తలా పదివేల రూపాయల ఖర్చులు విధించింది. మీ నిజాయితీ మీద మాకు నమ్మకం లేదంది.

మరుసటి ఏడాది, 2022 జులై 15న, అదే చమోలీ జిల్లాలోని హేలంగ్ గ్రామంలో గడ్డి మోసుకెళ్తున్న స్త్రీల నెత్తిమీది మోపుల్ని పోలీసులూ భద్రతాదళం వాళ్ళూ లాక్కున్నారు. పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళి గంటల తరబడి కూర్చోబెట్టారు. జరిమానా కట్టించుకుని పంపారు. వాళ్ళు గడ్డి కోసుకునే చోటు జలవిద్యుత్ ప్రాజెక్టు మట్టి పోయడానికి కావలసి వచ్చింది. అది పార్కు కూడా కాదు. చూశారా, పార్కులో అయితే ప్రకృతి పేరు చెప్పి, పార్కు బయట అయితే అభివృద్ధి పేరు చెప్పి, రెండు చోట్లా తీసింది ఒకే నెత్తిమీది మోపు.

హోమ్‌స్టే: కొత్త పేరుతో పాత చాకిరీ

1998లో లాతా గ్రామస్తులు 'ఝపటో ఛీనో' అంటూ నిషేధిత ప్రాంతంలోకి నడిచి వెళ్ళారు. లాక్కోండి, గుంజుకోండి అని అర్థం. 2001 అక్టోబరు 14న అదే లాతాలో నందాదేవి గుడి ముంగిట్లో సమావేశమై ఒక ప్రకటన చేశారు. పర్యాటకం మీద ఎవరి గుత్తాధిపత్యమూ ఉండరాదు, కూలీల దోపిడీ, బాలకార్మికత్వం ఉండరాదు, పేద కుటుంబాలకి ముందు అవకాశం ఇవ్వాలి అన్నారు. ప్రణాళిక వేసేటప్పుడూ అమలు చేసేటప్పుడూ అన్ని స్థాయిల్లో ఈ ప్రాంత స్త్రీల భాగస్వామ్యం, సమ్మతి ఉండి తీరాలన్నారు. భాగస్వామ్యం అనే మాట మన ప్రాజెక్టు నివేదికల్లో అరిగిపోయింది. సమ్మతి అలా కాదు. సమ్మతి ఉందంటే కాదనే హక్కు కూడా ఉన్నట్టు. 2003లో ఏడాదికి 500 మందికి మించకుండా, పార్కులో కొద్ది భాగాన్ని, స్థానిక గైడ్లతో వెళ్ళేట్టు తెరిచారు. మేత హక్కు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు కొండ ప్రాంతాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలన్నిటికీ హోమ్‌స్టే అనేది సర్వరోగ నివారిణి అయింది. స్త్రీల సాధికారత అనే శీర్షిక కింద నిధులు కూడా సులువుగా వస్తున్నాయి. లెక్క వేసి చూద్దాం. ఇంటికి వచ్చిన అతిథికి వండేది ఎవరు? పక్క వేసేది, దుప్పట్లు ఉతికేది, మరుగుదొడ్డి కడిగేది, వేణ్ణీళ్ళు కాచేది ఎవరు? ఆ వేణ్ణీళ్ళకి కట్టెలు తెచ్చేది ఎవరు? రిజిస్ట్రేషను ఎవరి పేరున, బ్యాంకు ఖాతా ఎవరి పేరున? అతిథితో కొండెక్కి, పక్షుల పేర్లు చెప్పి, బహుమానం పుచ్చుకునేది ఎవరు? మన ఇళ్ళల్లో చుట్టాలొచ్చినప్పుడు ఎవరు కబుర్లు చెబుతారో, ఎవరు పొయ్యి దగ్గర ఉంటారో అందరికీ తెలిసిందే. ఆ ఏర్పాటుకే బోర్డు కట్టి ఎకో టూరిజం అంటే సాధికారత అయిపోదు. ఖాతా, లైసెన్సు, గైడు శిక్షణ, ధర నిర్ణయించే కమిటీలో కుర్చీ, ఈ నాలుగూ స్త్రీలకి దక్కిన చోట హోమ్‌స్టే మంచి జీవనోపాధే. దక్కని చోట అది జీతం లేని చాకిరీకి మరో పూట కలపడమే.

రెండు అభ్యంతరాలు

ఒకటి. ఊళ్ళవాళ్ళని వదిలేస్తే అడవి మిగులుతుందా, కస్తూరి జింక మిగులుతుందా అంటారు. కస్తూరి జింక మిగలాలి. దానికోసం వేటగాణ్ణీ వ్యాపారినీ పట్టుకోవాలి. ఎంత మేత, ఏ నెలలో, ఏ లోయలో అనేది కొలిచి నిర్ణయించుకోవచ్చు. ఏడాదికి 500 మంది పర్యాటకులు అని లెక్క కట్టగలిగిన అటవీశాఖకి, ఇన్ని గొర్రెలు అని లెక్క కట్టడం చేతకాదా? పర్యాటకుడికి పరిమితి, కాపరికి నిషేధం. ఇందులో శాస్త్రం ఎంత, వర్గం ఎంత?

రెండోది మన వైపు నుంచి వచ్చే మాట. స్త్రీ అంటేనే ప్రకృతి, స్త్రీకి అప్పగిస్తే అడవి దానంతటదే బాగుంటుంది అనే వాదన. వందనా శివ రాసిన 'స్టేయింగ్ అలైవ్' తర్వాత ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. బీనా అగర్వాల్ 1992లోనే దీన్ని సరిగ్గా విమర్శించారు. స్త్రీలకి అడవితో ఉన్న సంబంధం గర్భంలోంచి రాలేదు, పనిలోంచి, ఆస్తి లేకపోవడంలోంచి వచ్చింది. చమోలీ జిల్లాలోనే డుంగ్రీ-పైంతోలీలో 1980లో మగపెద్దలు రోడ్డు, బడి, ఆస్పత్రి వస్తాయని ఓక్ అడవిని వదులుకోడానికి ఒప్పుకుంటే, స్త్రీలు ఎదురు తిరిగారు. ఊరంటే ఒకే గొంతు కాదని దానర్థం. కాబట్టి 'సమాజానికి హక్కు' అన్న నినాదంతో మనం తృప్తి పడకూడదు. సమాజంలో ఎవరికి అని అడగాలి.

మన అడవుల సంగతి

ఇదంతా హిమాలయాల గొడవ అని పక్కన పెట్టడానికి వీల్లేదు. పాపికొండల్ని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. లాంచీ ఎక్కి కొండల్ని చూసే యాత్ర ప్రసిద్ధం. అదే అడవిలో కొంత భాగాన్ని ముంచే పోలవరానికి అనుమతులు వచ్చాయి. కొండరెడ్లూ కోయలూ నిర్వాసితులయ్యారు. నల్లమలలో పులుల పేరుతో చెంచుల్ని కదలమంటున్నారు, సఫారీ జీపులు మాత్రం కదులుతున్నాయి. ఊరి పేరు మారింది, సూత్రం మారలేదు.

2006 అటవీ హక్కుల చట్టం జాతీయ పార్కులకీ వర్తిస్తుంది. మేత హక్కు, అటవీ ఫలసాయం మీద హక్కు, సామూహిక అడవిని కాపాడుకునే హక్కు అందులో ఉన్నాయి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని ఉంది. గ్రామసభ కోరంలో, అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలని ఉంది. ఉత్తరాఖండ్ దీన్ని అమలు చేయడంలో అట్టడుగున ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అదే సమయంలో వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ, పార్కు మేలు కోసం అధికారులు తీసేసిన అటవీ ఉత్పత్తిని చుట్టుపక్కల వాళ్ళ సొంత అవసరాలకి వాడుకోనివ్వచ్చంటుంది. వాళ్ళు తీసేస్తే మనం ఏరుకోవచ్చు! హక్కుకీ దయకీ తేడా ఇదే.

మన సంఘాలు చేయవలసిన పనులు కొన్ని కనిపిస్తున్నాయి. పార్కుల చుట్టూ ఉన్న ఊళ్ళలో సామూహిక మేత, గడ్డి హక్కుల కోసం వేసే దరఖాస్తుల్లో స్త్రీల వాంగ్మూలాల్ని సాక్ష్యంగా నమోదు చేయించాలి. ఏ లోయలో ఏ గడ్డి ఎప్పుడు కోసేవాళ్ళో వాళ్ళకే తెలుసు. పంట, పశువుల నష్టపరిహారం సాగుచేసే స్త్రీ పేరున ఇవ్వాలని పట్టుబట్టాలి. పర్యాటక ప్రాజెక్టు ఏదైనా సరే, లాతా ప్రకటన చెప్పినట్టు స్త్రీల సమ్మతి లిఖితంగా లేనిదే నిధులు తీసుకోకూడదు. మనం ఏర్పాటు చేసే యువతుల కొండ యాత్రల్లో ఒక రోజు, ఊరి మహిళా మంగళ్ దళ్‌తో కూర్చుని వాళ్ళకి ఏం పోయిందో వినడానికి కేటాయించాలి. గడ్డి కోసినందుకు కేసు పెట్టిన ప్రతిచోటా, ఆ కేసు మన కేసు కావాలి.

కొండ అందరిదీ. చూడటానికి వెళ్ళే మనదీ, కోసుకోవడానికి వెళ్ళే ఆమెదీ. మన దగ్గర పర్మిట్ ఉంది. ఆమెకి హక్కు కావాలి.